క్వెర్సెటిన్ సీసా మీద మందుల పేర్లు రాయండి: తయారీదారులకు, నియంత్రణ అధికారులకు బహిరంగ లేఖ

క్వెర్సెటిన్ మాత్రలు, క్యాప్సూళ్లు, పొడులు తయారుచేసి అమ్ముతున్న సంస్థల యాజమాన్యాలకు, ఆ లేబుళ్లను పరిశీలించే నియంత్రణ అధికారులకు,

నమస్కారం.

క్వెర్సెటిన్ (మొక్కల్లో ఉండే ఒక పదార్థం, సప్లిమెంటుగా అమ్ముతారు) సీసాల వెనక చిన్న అక్షరాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: “ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి సంప్రదించండి.” అందులో తప్పేమీ లేదు. కానీ చదివినవారికి కొత్తగా తెలిసేదీ ఏమీ లేదు. గుండెజబ్బుకు డిగాక్సిన్ వేసుకుంటున్న పెద్దాయనకూ, మూత్రపిండ మార్పిడి తర్వాత రోజూ సైక్లోస్పోరిన్ తీసుకుంటున్న మనిషికీ, ఎప్పుడో ఒకసారి తలనొప్పి మాత్ర వేసుకునే కుర్రాడికీ అది ఒకే మాట చెబుతుంది. మొదటి ఇద్దరూ ఈ సీసా జోలికి పోకూడదు. మూడో అతను పెద్దగా కంగారుపడాల్సిన పనిలేదు. ఆ తేడా సీసా మీద ఎక్కడా లేదు.

మేము మందుల మధ్య జరిగే పరస్పర చర్యల మీద పనిచేసే ఫార్మసిస్టులం, ఫార్మకాలజీ వాళ్లం. మేము అడుగుతున్నది ఒక్కటే. ఏ మందుతో కలిస్తే ఏమవుతుందో, ఎక్కువవుతుందో తగ్గుతుందో, ఎన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలో మందు పేరుతో సహా లేబుల్ మీద రాయండి. అందుకు కావలసిన సమాచారంలో చాలాభాగం ఇప్పటికే అచ్చయి ఉంది. దాన్ని సీసా దాకా తేవడమే మిగిలింది.

ముందుగా మోతాదు సంగతి. “ఉల్లిపాయలో, ఆపిల్‌లో ఉండేదే కదా” అన్న మాట ప్రచారంలో పదేపదే వినిపిస్తుంది. ఉండేది నిజమే, ఎంత ఉంటుందన్నదే ప్రశ్న. వంద గ్రాముల ఉల్లిపాయలో సుమారు 20 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఉంటుంది. రకాన్ని బట్టి కొంత హెచ్చుతగ్గులుంటాయి. తొక్కతో తిన్న ఆపిల్‌లో వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములు. రోజంతా తినే తిండిలో మొత్తం కలిపి మామూలుగా కొన్ని పదుల మిల్లీగ్రాములు దాటదు. 500 మి.గ్రా. క్యాప్సూల్ రెండు పూటలా వేసుకుంటే 1000 మి.గ్రా., అంటే అయిదు కిలోల ఉల్లిపాయల లెక్క. పైగా తిండిలోది చక్కెర అణువులతో ముడిపడి, పీచుతో కలిసి, రోజంతా విడతలవారీగా వస్తుంది. క్యాప్సూల్‌లోది ఒక్కసారిగా పేగులో దిగుతుంది. ఆ కాసేపు పేగు గోడ దగ్గర దాని గాఢత చాలా ఎక్కువగా ఉంటుంది. మందుల్ని లోపలికి తీసుకునే, బయటికి నెట్టే ప్రొటీన్లు ఉండేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఆహారంగా ఎంతో కాలంగా తింటున్నామన్న భరోసా క్యాప్సూల్‌కు వర్తించదు.

ఇక “500 మి.గ్రా.” అన్న అంకె. దాని అర్థం సీసా సీసాకూ మారిపోతోంది. మార్కెట్లో ఎక్కువగా వాడే ముడిసరుకు క్వెర్సెటిన్ డైహైడ్రేట్. ఒక్కో అణువుకు రెండు నీటి అణువులు అంటుకుని ఉంటాయి. జలరహిత క్వెర్సెటిన్ అణుభారం 302, డైహైడ్రేట్‌ది 338. అంటే 500 మి.గ్రా. డైహైడ్రేట్‌లో అసలు క్వెర్సెటిన్ 447 మి.గ్రా. మాత్రమే. క్వెర్సెటిన్‌కు చక్కెర అణువులు అతికిన రూపాలు కూడా ఉన్నాయి: ఐసోక్వెర్సెటిన్ అయితే బరువులో 65 శాతం, రుటిన్ అయితే దాదాపు సగమే క్వెర్సెటిన్. ఈ అంకెలు లేబుల్ మీద లేకపోతే రెండు సీసాలను పోల్చడం ఫార్మసిస్టుకు కూడా సాధ్యం కాదు.

బరువు కంటే ముఖ్యమైనది అది ఎంత ఒంటబడుతుందన్నది. మామూలు క్వెర్సెటిన్ నీటిలో సరిగా కరగదు, కాబట్టి కొద్దిగానే లోపలికి వెళ్తుంది. ఉల్లిలో ఉండే గ్లూకోసైడ్ (చక్కెర అతికిన) రూపం చిన్నపేగులోనే విడిపోయి గంటలోపే రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. రుటిన్ మాత్రం పెద్దపేగులోని బ్యాక్టీరియా దాకా వెళ్లి అక్కడ విడిపోవాలి, కాబట్టి ఆరేడు గంటలో అంతకంటే ఎక్కువో పడుతుంది. లెసిథిన్ అనే కొవ్వు పదార్థంతో కలిపిన ఫైటోసోమ్ రూపం వీటన్నిటికీ భిన్నం. మనుషుల మీద చేసిన ఒక పరీక్షలో అది మామూలు క్వెర్సెటిన్ కంటే 20 రెట్ల వరకు ఎక్కువగా రక్తంలోకి చేరింది. దీన్ని మీరు ప్రకటనల్లో గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోండి. కానీ మామూలు రూపం మీద జరిగిన భద్రతా పరీక్షల్ని చూపించి ఫైటోసోమ్ క్యాప్సూల్ కూడా అంతే సురక్షితమని అనడం కుదరదు. ఇరవై రెట్లు ఎక్కువ ఒంటబడుతుందని ఒకవైపు చెబుతూ, మరోవైపు పాత డోసు అంకెల్నే భద్రతకు ఆధారంగా చూపిస్తే, ఆ రెండు మాటల్లో ఒకదాన్ని వదులుకోవాల్సిందే.

రక్తంలోకి చేరాక క్వెర్సెటిన్ క్వెర్సెటిన్‌గా మిగలదు. పేగు గోడ, కాలేయం కలిసి దాన్ని గ్లూకురోనైడ్, సల్ఫేట్, మిథైల్ రూపాలుగా మార్చేస్తాయి. ఈ రూపాలు తొందరగా పోవు. అర్ధాయువు (సగం తగ్గడానికి పట్టే కాలం) 11 నుంచి 28 గంటలదాకా ఉంటుంది. 28 గంటలనుకుంటే, శరీరం నుంచి దాదాపు పూర్తిగా పోవడానికి అయిదు అర్ధాయువులు, అంటే దగ్గర దగ్గర ఆరు రోజులు. “నిన్న మానేశాను కదా” అనుకుని ఇవాళ మందు మొదలుపెట్టడం అందుకే సరికాదు.

పరస్పర చర్యలు ఎలా జరుగుతాయో కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే లేబుళ్లలో తప్పులు మొదలయ్యేది ఇక్కడే. పేగు కణాల్లో పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంటుంది. లోపలికి వచ్చిన కొన్ని మందుల్ని అది పట్టుకుని మళ్లీ పేగులోకి తోసేస్తుంది. క్వెర్సెటిన్ ఆ పంపును అడ్డుకోగలదు. అడ్డుకుంటే మందు ఎక్కువగా ఒంట్లోకి చేరుతుంది. కాలేయ కణాల్లోకి మందుల్ని లాక్కునే ఓఏటీపీ1బీ1 అనే వాహకం ఇంకొకటి. దాన్ని అడ్డుకుంటే మందు కాలేయంలోకి వెళ్లకుండా రక్తంలో నిలిచిపోతుంది. మూడోది మందుల్ని విచ్ఛిన్నం చేసే సీవైపీ3ఏ4 వంటి ఎంజైములు. పరీక్షనాళికలో క్వెర్సెటిన్ వీటిని అడ్డుకుంటుంది. అలాగని మనిషిలోనూ అదే జరుగుతుందనుకుంటే పొరపాటు.

దానికి మంచి ఉదాహరణ సీవైపీ3ఏ ఎంజైములు విచ్ఛిన్నం చేసే మత్తుమందు మిడజొలామ్. ఆరోగ్యవంతులకు రోజుకు 500 మి.గ్రా. చొప్పున 13 రోజులు క్వెర్సెటిన్ ఇచ్చి, ఆ తర్వాత మిడజొలామ్ ఇచ్చి చూస్తే రక్తంలో దాని మోతాదు పెరగలేదు, తగ్గింది. అంటే సీవైపీ3ఏ చురుకుదనం పెరిగింది. పరీక్షనాళిక ఫలితానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. మధుమేహం మందు రోసిగ్లిటజోన్‌ను మార్చే సీవైపీ2సీ8 ఎంజైమును కూడా క్వెర్సెటిన్ ప్రయోగశాలలో గట్టిగా అడ్డుకుంటుంది. మనుషులకు మూడు వారాలు ఇచ్చి చూస్తే రోసిగ్లిటజోన్ స్థాయిలో చెప్పుకోదగ్గ తేడాయే రాలేదు. హెచ్‌ఐవీ మందు సాక్వినావిర్ విషయంలోనూ రోజుకు మూడుసార్లు 500 మి.గ్రా. ఇచ్చినా మార్పు కనిపించలేదు. కణాల మీద చేసిన పరీక్షల నుంచి తెచ్చి “ఈ యాభై మందులతో జాగ్రత్త” అని జాబితా రాసేయడం కూడా మేము కోరుకోవడం లేదు. అలాంటి జాబితాను ఎవరూ చదవరు, చదివినా నిజంగా ప్రమాదకరమైన అయిదారు పేర్లు అందులో మునిగిపోతాయి.

మనుషుల్లో తేలిన పెరుగుదలలు రెండు చెబుతాం. ఫెక్సోఫెనడిన్ అనే అలెర్జీ మందు పి-గ్లైకోప్రొటీన్ మీద ఆధారపడుతుంది. రోజుకు మూడుసార్లు 500 మి.గ్రా. క్వెర్సెటిన్‌ను వారం రోజులు తీసుకున్నవారిలో దాని మొత్తం స్థాయి 55 శాతం, గరిష్ఠ స్థాయి 68 శాతం పెరిగాయి. ఫెక్సోఫెనడిన్‌కు భద్రతా పరిధి ఎక్కువ కాబట్టి ఈ పెరుగుదలతో మామూలుగా ఎవరికీ ప్రాణాపాయం ఉండదు. కానీ ఇది క్వెర్సెటిన్ మామూలు క్యాప్సూల్ మోతాదులోనే మనిషి పేగులో ఆ పంపును అడ్డుకోగలదనడానికి రుజువు. రెండోది కొలెస్ట్రాల్ తగ్గించే ప్రావాస్టాటిన్. రెండు వారాలు రోజుకు 500 మి.గ్రా. తీసుకున్నాక దాని మొత్తం స్థాయి నాలుగో వంతు దాకా పెరిగింది. కొలెస్ట్రాల్ మందులు వాడేవారికి కండరాల నొప్పి ఎందుకొచ్చిందో వెతికేటప్పుడు సప్లిమెంట్ గురించి కూడా అడగాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదే పంపు మీద ఆధారపడే డిగాక్సిన్‌కు భద్రతా పరిధి చాలా తక్కువ. చికిత్స మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం కొద్దిగానే ఉంటుంది. 2004లో పందుల మీద చేసిన ప్రయోగంలో శరీర బరువు కిలోకు 40 మి.గ్రా. క్వెర్సెటిన్‌తో కలిపి ఇస్తే డిగాక్సిన్ గరిష్ఠ స్థాయి నాలుగు రెట్లకు పైగా పెరిగింది. అదే పరిశోధనలో కిలోకు 50 మి.గ్రా. చొప్పున కలిపి ఇచ్చిన మూడు పందుల్లో రెండు అరగంటలోపే చనిపోయాయి. పందికి ఇచ్చిన మోతాదు మనిషి వేసుకునేదానికంటే ఎక్కువే, ఒప్పుకుంటాం. కానీ ఇలాంటి ఫలితం ఉన్నప్పుడు, డిగాక్సిన్ వాడేవారితో మనుషుల్లో ఇంకో పరీక్ష చేసి చూద్దామని ఏ నీతి కమిటీ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. అంటే ఇంతకంటే స్పష్టమైన ఆధారం కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. డిగాక్సిన్ పేరు లేబుల్ మీద ఉండాల్సిందే.

సైక్లోస్పోరిన్ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. పందుల్లో, ఎలుకల్లో రెండూ కలిపి ఇస్తే సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోయింది. పందుల్లో గరిష్ఠ స్థాయి మూడింట రెండొంతులు తగ్గింది. ఆరోగ్యవంతులైన మనుషుల్లో క్వెర్సెటిన్ ఇచ్చాక చూస్తే పెరిగింది. ఏది నిజమంటే రెండూ నిజమే. కలిపి వేసుకున్నారా, ముందు కొన్ని రోజులు వేసుకున్నారా, పంపును అడ్డుకోవడం పైచేయి అయిందా, ఎంజైమును పురికొల్పడం పైచేయి అయిందా అన్నదాన్ని బట్టి దిశ మారుతుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి రెండు దిశలూ ప్రమాదమే. తగ్గితే శరీరం అవయవాన్ని తిరస్కరిస్తుంది, పెరిగితే మందే మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. టాక్రోలిమస్, సిరోలిమస్ కూడా ఇవే దారుల్లో నడుస్తాయి. ఈ మూడు మందుల విషయంలో “మోతాదు సర్దుకోవచ్చు” అనే సలహా మేము ఇవ్వం. వద్దనే చెబుతాం. అప్పటికే వేసుకుంటున్నట్టు తేలితే డాక్టరుకు చెప్పి, వెంటనే రక్తంలో మందు స్థాయి పరీక్ష చేయించి, క్వెర్సెటిన్ ఆపాక ఒక వారానికి ఒకసారి, రెండు వారాలకు ఇంకోసారి చేయించాలి. పురికొల్పబడిన ఎంజైము మామూలు స్థితికి రావడానికి అంత సమయం పడుతుంది. ఆపాం కదా, అయిపోయిందనుకుంటే మందు స్థాయి నెమ్మదిగా పైకి పోతున్న సంగతి ఎవరి కంటా పడదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ విషయంలో మూడు వైపుల నుంచీ అనుమానించాలి. క్వెర్సెటిన్ రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్‌కు గట్టిగా అతుక్కుంటుంది, వార్ఫరిన్ అతుక్కునే చోటునే. వార్ఫరిన్‌ను విచ్ఛిన్నం చేసే సీవైపీ2సీ9ను ప్రయోగశాలలో అడ్డుకుంటుంది. ప్లేట్‌లెట్లు గుంపుకట్టే గుణాన్నీ కొంత తగ్గిస్తుంది. విడివిడిగా ఒక్కొక్కటీ చిన్నదే కావచ్చు. కానీ వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే పరీక్ష అంకె) కొంచెం ఎగబాకినా రక్తస్రావం దాకా పోతుంది. డాక్టరుకు తెలిసి వేసుకుంటున్నట్టయితే మొదలుపెట్టిన 3 నుంచి 5 రోజుల్లో ఒకసారి, తర్వాత రెండు వారాలు వారానికోసారి, మోతాదు మార్చినప్పుడూ ఆపినప్పుడూ మళ్లీ ఐఎన్‌ఆర్ చూడాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లటి మలం వంటివి గమనిస్తే వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి. ఆపరేషన్ ఉన్నవారు రెండు వారాల ముందే ఆపేయాలి, మత్తుమందు ఇచ్చే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

రక్తపోటు మందుల సంగతి చిన్నది. రోజుకు 500 మి.గ్రా. లేదా అంతకు మించి తీసుకుంటే క్వెర్సెటిన్ రక్తపోటును రెండు మూడు పాయింట్లు తగ్గించగలదు. రెండు మూడు మందులు వాడే వృద్ధులు లేచి నిలబడ్డప్పుడు కళ్లు తిరిగితే దీన్ని గుర్తుంచుకోవాలి. అంతకు మించి భయపడక్కర్లేదు.

క్యాన్సర్ మందుల విషయం చిన్నది కాదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు “రోగనిరోధక శక్తి కోసం” అని ఎక్కువగా కొనే సప్లిమెంట్లలో ఇదొకటి కాబట్టి మరీ ముఖ్యం. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్‌లో బోరాన్ ఉంటుంది. క్వెర్సెటిన్‌లో పక్కపక్కన ఉన్న రెండు హైడ్రాక్సిల్ గుంపులు ఆ బోరాన్‌ను నేరుగా పట్టేసుకుంటాయి. 2008లో వచ్చిన పరిశోధనలో ఇలా పట్టుకోవడం వల్ల క్యాన్సర్ కణాల మీద మందు పనిచేయకుండా పోయింది. ఇది ఎంజైముల గొడవ కాదు, నేరుగా రసాయన చర్య. కాబట్టి వేళలు మార్చి వేసుకుంటే సరిపోతుందని భరోసా ఇవ్వలేం. రొమ్ము క్యాన్సర్ విషయంలో, ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఎలుకల్లో క్వెర్సెటిన్ కణితుల్ని పెంచిన ఫలితాలున్నాయి. హార్మోన్ల మీద ఆధారపడే క్యాన్సర్ ఉన్నవారు, టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఆంకాలజిస్ట్ చెప్పకుండా ముట్టుకోకూడదు.

ఈ సందర్భంలో డాసాటినిబ్, క్వెర్సెటిన్ జంట గురించి కూడా చెప్పాలి. వృద్ధాప్య కణాల్ని తొలగిస్తుందని ఈ జంటకు పేరొచ్చింది. 2019లో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉన్న 14 మంది మీద జరిగిన తొలి పరీక్షలో డాసాటినిబ్ 100 మి.గ్రా.తో పాటు క్వెర్సెటిన్ 1250 మి.గ్రా.ను వారానికి మూడు రోజులు, మూడు వారాలు ఇచ్చారు. అది వైద్యుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేస్తూ, ప్రధానంగా సాధ్యాసాధ్యాలూ భద్రతా చూడటానికి జరిగిన చిన్న పరీక్ష. డాసాటినిబ్ లుకేమియా మందు. దాన్ని ఎవరికి వారు సంపాదించి ఇంట్లో ఈ లెక్కను అనుకరించడం ప్రమాదకరం. మీ ప్రకటనల్లో “సెనోలిటిక్” (వృద్ధాప్య కణాల్ని తొలగించేది) అన్న మాట వాడేటప్పుడు ఆ పరీక్షలో వాడింది ఒక్క క్వెర్సెటిన్ కాదన్న సంగతి కూడా అదే వాక్యంలో ఉండాలి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని లేబుళ్లు దాదాపుగా పట్టించుకోవు. క్యాన్సర్ రోగులకు క్వెర్సెటిన్‌ను నరంలోకి ఎక్కించి చేసిన 1996 నాటి పరీక్షలో, డోసు ఇంక పెంచడానికి వీల్లేకుండా ఆపింది మూత్రపిండాల మీద దెబ్బే. రెండేళ్లపాటు మేతలో 4 శాతం దాకా క్వెర్సెటిన్ తిన్న మగ ఎలుకల మూత్రపిండాల్లో కణితులు పెరిగాయని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 1992లో నివేదించింది. ఆడ ఎలుకల్లో అలా కనిపించలేదు. నరంలోకి ఎక్కించడం, నోటితో మింగడం ఒకటి కాదని మాకు తెలుసు. ఎలుక మనిషి కాదనీ తెలుసు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999లో క్వెర్సెటిన్‌ను మూడో వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చలేని వాటిలో పెట్టింది. ఆరోగ్యంగా ఉన్నవారిని భయపెట్టాల్సిన అవసరం లేదు. కానీ అప్పటికే మూత్రపిండాలు బలహీనపడినవారి మీద దీర్ఘకాలం పరీక్షించకుండానే వారికి అమ్ముతున్నప్పుడు, ఆ హెచ్చరిక రాయకపోవడానికి కారణం ఏముంటుంది?

న్యాయంగా చెప్పాల్సిన ఇంకో వైపు కూడా ఉంది. సుమారు వెయ్యిమంది పెద్దలకు 12 వారాలపాటు రోజుకు 500 లేదా 1000 మి.గ్రా. ఇచ్చిన పరీక్ష ఒకటి జరిగింది. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో మొత్తం మీద తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదు. తలనొప్పి, కడుపులో ఇబ్బంది, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం వంటివే కొందరిలో కనిపించాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010లో శుద్ధమైన క్వెర్సెటిన్‌ను కొన్ని ఆహార పదార్థాల్లో ఒక వడ్డనకు 500 మి.గ్రా. వరకు కలపడంపై తయారీదారు పంపిన నోటీసుకు అభ్యంతరం చెప్పలేదు. కాబట్టి ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులు కొన్ని వారాలు వేసుకుంటే ముప్పు తక్కువే. మూడు నెలలు దాటి 1000 మి.గ్రా. చొప్పున వాడటం గురించి అంత ధైర్యంగా చెప్పలేం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లల విషయంలో అయితే సప్లిమెంట్ మోతాదులు వద్దనే చెబుతాం. కణాల్లో చేసిన పరీక్షల్లో క్వెర్సెటిన్ టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైమును అడ్డుకుని డీఎన్‌ఏ పోగులు తెగేలా చేసింది. పిండం ఎదిగే దశలో అలాంటి పదార్థాన్ని అనవసరంగా ఇవ్వకూడదు.

ఒంటరి క్వెర్సెటిన్ కంటే కలిపి అమ్మేవాటితో మాకు ఎక్కువ దిగులు. మిరియాల్లో ఉండే పిపెరిన్ చేర్చిన క్యాప్సూళ్లు చూడండి. ఒంటబట్టడం పెరగడానికని కలుపుతారు. కానీ పిపెరిన్ దానంతట అదే పి-గ్లైకోప్రొటీన్‌ను, సీవైపీ3ఏ4ను అడ్డుకుంటుంది. రోజుకు 20 మి.గ్రా. పిపెరిన్ తీసుకున్నవారిలో ప్రొప్రనొలాల్ (రక్తపోటు మందు), థియోఫిలిన్ (ఉబ్బసం మందు) స్థాయిలు పెరిగినట్టు మనుషుల్లోనే తేలింది. లేబుల్‌లో అది “శోషణ సహాయకం” అని ఒక మూల ఉంటుంది, కొన్నిసార్లు మోతాదు కూడా ఉండదు. అది సహాయక పదార్థం కాదు, మందుల్ని కదిలించే పదార్థం. అనాసపండు నుంచి తీసే బ్రోమెలైన్ అనే ఎంజైము కలిపితే రక్తస్రావం వైపు మొగ్గు ఇంకొంచెం పెరుగుతుంది. జింకో అనే చెట్టు ఆకుల సారాన్ని సాధారణంగా 24 శాతం ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్లకు ప్రమాణీకరిస్తారు, వాటిలో క్వెర్సెటిన్ రూపాలూ ఉంటాయి. కాబట్టి జింకో, రుటిన్, క్వెర్సెటిన్ మూడు సీసాలూ వేసుకునే మనిషి నిజానికి ఒకే పదార్థాన్ని మూడుసార్లు వేసుకుంటున్నాడు. ఈ సంగతి ఆ మనిషికి చెప్పేవారు లేరు.

కొన్ని మందులతో వేళల ఎడం పాటిస్తే చాలు. క్వెర్సెటిన్ ఇనుమును పట్టుకుంటుంది కాబట్టి ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనతకు చికిత్స జరుగుతున్నంతకాలం మానేస్తే ఇంకా మంచిది. సిప్రోఫ్లోక్ససిన్, లెవోఫ్లోక్ససిన్ వంటి యాంటీబయాటిక్‌లు పనిచేసే డీఎన్‌ఏ గైరేజ్ అనే బ్యాక్టీరియా ఎంజైము దగ్గరే క్వెర్సెటిన్ కూడా అతుక్కుంటుందని ప్రయోగశాలలో చూశారు. కోర్సు అయిదారు రోజులదే కాబట్టి ఆ రోజులు దీన్ని ఆపేయడమే సులువు. థైరాయిడ్ హార్మోన్ తయారీలో పనిచేసే పెరాక్సిడేజ్ ఎంజైమును కూడా కణాల మీద పరీక్షల్లో ఇది అడ్డుకుంది. లెవోథైరాక్సిన్ వాడేవారు రోజూ దీన్ని మొదలుపెడితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూసుకోవడం మేలు.

ఇప్పుడు తయారీ వైపు. మీరు వాడే క్వెర్సెటిన్‌లో చాలాభాగం సోఫోరా జపోనికా అనే చెట్టు మొగ్గల నుంచి తీసిన రుటిన్‌ను ఆమ్లంతో విడగొట్టి చేసింది. చర్య పూర్తికాకపోతే రుటిన్ మిగిలిపోతుంది, ద్రావకాలు మిగలవచ్చు. అల్యూమినియం క్లోరైడ్ వేసి పసుపు రంగును కొలిచే పద్ధతి చవకైనది. కానీ అది క్వెర్సెటిన్‌నూ దాని బంధువుల్నీ వేరు చేయలేదు, అన్నిటినీ కలిపి “క్వెర్సెటిన్ సమానం” అని ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెను లేబుల్‌కు ఎక్కించకూడదు. ప్రతి బ్యాచ్‌కూ హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతి)తో క్వెర్సెటిన్, రుటిన్, ఐసోక్వెర్సెటిన్, కెంఫెరాల్‌లను విడివిడిగా కొలవాలి. వాటితో పాటు తేమ శాతం, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, మిగిలిన ద్రావకాలు, మాత్ర కరిగే వేగం కూడా చూడాలి. పొడిగా అమ్మేవారు స్పూను కొలత మానేయండి. పొడి ఎంత మెత్తగా ఉంది, ఎంత గట్టిగా దిగింది అన్నదాన్ని బట్టి ఒక్క స్పూనే గ్రాము దాటిపోతుంది. తూచి కట్టిన పొట్లాలుగానే అమ్మండి.

లేబుల్ మీద ఏముండాలో మాటల్లో కాకుండా రాసే చూపిస్తాం. మార్చుకోదలిస్తే మార్చుకోండి, పేర్లు మాత్రం తీసేయకండి.

“ఒక క్యాప్సూల్‌లో: క్వెర్సెటిన్ 447 మి.గ్రా. (డైహైడ్రేట్ రూపంలో 500 మి.గ్రా.). ఇతర చురుకైన పదార్థాలు: లేవు.

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, సిరోలిమస్, డిగాక్సిన్, బోర్టెజోమిబ్, డాసాటినిబ్ వాడుతుంటే దీన్ని వేసుకోకండి. ఇప్పటికే వేసుకుంటుంటే ఆ మందుల్ని సొంతంగా ఆపకండి, డోసు మార్చకండి. వెంటనే మీ డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

వార్ఫరిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, టామోక్సిఫెన్ వాడుతుంటే డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపువారు వాడకూడదు. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపండి. డాక్టరు చెప్పకుండా 12 వారాలు దాటి వాడకండి.”

సీసా మీద స్థలం లేదని ఎవరైనా అంటే, ముందువైపు ఉన్న ఆకులు, పువ్వుల బొమ్మల్ని కొంచెం చిన్నవి చేస్తే సరిపోతుంది. అప్పటికీ చాలకపోతే మడతపెట్టిన కాగితం సీసాకు అంటించవచ్చు. మందులకు ఎన్నాళ్లుగానో చేస్తున్న పనే అది.

నియంత్రణ అధికారులకు రెండు మాటలు. ఫైటోసోమ్, నానో, పిపెరిన్ కలిపినవి ఏవైనా “ఎక్కువ ఒంటబడుతుంది” అని చెప్పుకుంటే, అదే రూపంతో మనుషుల్లో పరస్పర చర్యల పరీక్ష చేశాకే ఆ మాట రాయనివ్వండి. పెద్ద ఖర్చేమీ కాదు. ఆరోగ్యవంతులైన కొద్దిమందికి రెండు వారాలు క్వెర్సెటిన్ ఇచ్చి, మొదటి రోజునా పద్నాలుగో రోజునా ఫెక్సోఫెనడిన్, మిడజొలామ్, ప్రావాస్టాటిన్ స్థాయిలు చూస్తే పంపు, ఎంజైము, కాలేయ వాహకం మూడింటి సంగతీ తేలిపోతుంది. మొదటి రోజు ఒక్కటే చూస్తే అడ్డుకోవడం మాత్రమే కనిపిస్తుంది, పురికొల్పడం కనిపించదు. అందుకే రెండు రోజులూ కావాలి.

రెండోది, దుష్ప్రభావాల నివేదిక పత్రం. ఇప్పుడు “సప్లిమెంట్ వాడారా” అన్న గడి ఒక్కటే పెడితే దానితో పని జరగదు. ఉత్పత్తి పేరు, రూపం, బ్యాచ్ నంబరు, రోజువారీ మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, కూడా వాడుతున్న మందులు, వాటి డోసులు, ముందూ తర్వాతా ఐఎన్‌ఆర్ లేదా మందు స్థాయి లేదా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష), ఆపాక తగ్గిందా లేదా అన్నవి అడగాలి. ఇవి లేని నివేదిక ఎన్ని వేలు పోగైనా కారణం తేల్చలేం. తయారీదారులకు వచ్చే ఫిర్యాదులు కూడా ఇదే పత్రంలో 15 రోజుల్లోగా మీకు చేరాలని నియమం పెట్టండి.

తర్వాతి బ్యాచ్ లేబుళ్లు అచ్చుకు వెళ్లేముందు పైన రాసిన ముసాయిదాను మీ భద్రతా విభాగాలకు పంపండి. అందులో ఏ మందు పేరైనా ఉండకూడదని మీరు అనుకుంటే, ఎందుకు ఉండకూడదో మనుషుల మీద చేసిన పరీక్షల ఆధారంతో బహిరంగంగా రాయండి. మేము చదివి జవాబిస్తాం.

ఇట్లు,
మందుల పరస్పర చర్యల మీద పనిచేస్తున్న ఫార్మసిస్టులు, ఫార్మకాలజీ నిపుణులు